గువ్వలు పోయింది వలల్లోకి కాదు

మా చేలల్లో గువ్వల మందలు కనపడకుండా పోవడానికి వేటగాళ్ళే కారణమని ఈమధ్య ఒక కుర్రాడు నాతో వాదన పెట్టుకున్నాడు. వెల్దుర్తిలో పుట్టి, గుంటూరులో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నవాడు. వలలు పన్నేవాళ్ళూ, ఉచ్చులు పెట్టేవాళ్ళూ, నాటు తుపాకులవాళ్ళూ కలిసి పిట్టజాతిని తుడిచిపెట్టేశారట. నాకు ఒళ్ళు మండింది. వల పన్నేవాణ్ణి నేను దగ్గర కూర్చుని చూశాను. వాళ్ళ తాతలు పట్టారు, తండ్రులు పట్టారు, వాళ్ళూ పట్టారు. అప్పుడు తరగని గువ్వలు, వాళ్ళు వలలు చుట్టి చూరులో దోపేశాక ఎట్టా తరిగాయి? ఆ కుర్రాడు దీనికి జవాబు చెప్పలేకపోయాడు. నేను చెబుతాను.

మా రోజుల్లో వెల్దుర్తి అంటే జొన్న. మా పల్నాడు వచ్చిన శ్రీనాథుడు ఇక్కడ జొన్నకూడు తప్ప ఇంకోటి దొరకదని చాటువుల్లో ఆడిపోసుకున్నాడు. రాజాస్థానాల్లో సన్నన్నం తిన్న మహాకవికి అది రుచించకపోవచ్చు. మమ్మల్నీ, మా గొడ్డుగోదానీ, పైన ఎగిరే పిట్టల్నీ సాకింది మాత్రం ఆ జొన్నే. నల్లరేగడిలో జొన్న, ఎర్రచెలకల్లో సజ్జ, కొర్ర, వరిగ, మధ్యన కంది సాళ్ళు, గట్ల మీద ఆముదం. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడికాలువ కింది ఊళ్ళు వరి పండించుకున్నాయి. డ్యాముకి ఇంత దగ్గర్లో ఉండి కూడా మా మెట్ట పొలాలకి ఆ నీళ్ళు ఎక్కలేదు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం పేరు వింటూ ముసలివాళ్ళమైపోయాం. నీళ్ళు రాని కారణాన మా వైపు జొన్న మరికొన్నేళ్ళు నిలబడింది, జొన్నతో పాటు గువ్వలూ నిలబడ్డాయి.

గువ్వంటే ఒకే పిట్ట అనుకుంటారు ఇప్పటివాళ్ళు. మెడ కింద ముదురు చుక్కలతో పిడికిట్లో పట్టేటంతది చిట్టి బెళ్ళగువ్వ. మెడ వెనక నల్లటి మచ్చలో తెల్లచుక్కలు పరిచినట్టుండేది పొద బెళ్ళగువ్వ. బూడిదరంగు ఒంటికి మెడ వెనక నల్లటి కాటుకగీత ఉన్నది పెద్ద బెళ్ళగువ్వ. బావుల్లో, గుడి గోపురాల్లో కాపురముండేది గుడి పావురం. ఇవిగాక నేల మీద పరిగెత్తే కౌజులు, కాలికింద నుంచి బుర్రుమని లేచే పూరేళ్ళు. పొద్దున్నే చేలోకి పోతే కౌజు కూత వినకుండా గట్టు దాటిన రోజు లేదు.

వీటిలో ఏది ఎంత నష్టం చేస్తుందో రైతుకి తెలుసు. చిలక కంకి మీద వాలి తిన్నదానికంటే పారేసేది ఎక్కువ. పిచ్చికలూ గిజిగాళ్ళూ పాలకంకి మీద పడితే సాయంత్రానికి కంకి తెల్లబోతుంది. గువ్వ అట్టాంటిది కాదు. అది కింద రాలిన గింజ ఏరుకునే పిట్ట, పరిగె ఏరుకునే ముసలమ్మ లాంటిది. విత్తనం వేసిన రోజుల్లో పైన పడ్డ గింజలు ఏరుకుపోతుంది, అదొక్కటే దానితో మాకున్న తగాదా. మిగతా ఏడాదంతా గడ్డిగింజలు తిని చేనుకి మేలే చేసేది.

అయినా కాపలా కాపలాయే. నాలుగు గుంజలు పాతి మంచె వేసేవాళ్ళం. తెల్లవారుజామున ఎక్కితే ఎండ ముదిరేదాకా, మళ్ళీ పొద్దువాలినప్పుడు ఎక్కితే చీకటిపడేదాకా. చేతిలో వడిసెల. దాన్ని చూసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? గోగునారతో అల్లిన తాడు, నడిమధ్యన రాయి పెట్టుకోవడానికి అరచేయంత అల్లిక. ఒక కొసన ఉంగరం, అది చూపుడువేలికి తొడగాలి. రెండో కొస బొటనవేలి కింద నొక్కిపట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి, సరిగ్గా సమయం చూసి ఆ కొస వదలాలి. వదిలిన కొసకి నార చీల్చి కుచ్చులా వదిలేవాళ్ళు. అది గాలిలో ఠపీమని పేలుతుంది. రాయి ఎక్కడో అవతల పడుతుంది, పిట్టకి తగిలేది ఎప్పుడో గాని కాదు. ఆ చప్పుడుకే మంద లేచి పక్క చేలో వాలేది. పక్క చేలోవాడు మళ్ళీ మా మీదికి తోలేవాడు. ఇట్టా తోలుకుంటూ తోలుకుంటూ ఊరంతా కలిసి పిట్టల్ని మేపేవాళ్ళం.

ఇంక దీమం సంగతి. ఈ పని మా అడవంచు గూడేల చెంచులకీ, ఊరూరా తిరిగే పిట్టలవాళ్ళకీ కొట్టినపిండి. సాకిన పిట్టని ఎరగా పెట్టి అడవి పిట్టని రప్పించడమే దీమం. కౌజుకి దీమం వేరు, గువ్వకి దీమం వేరు. మగ కౌజుకి తన జాగాలో ఇంకో మగది కూస్తే పౌరుషం. అందుకని వేటగాడు సాకిన మగ కౌజుని గుడ్డ కప్పిన బుట్టలో తెచ్చి, తెల్లారకముందే గట్టు పక్కన పెట్టి, చుట్టూ గుర్రపు వెంట్రుకల ఉచ్చులు పుల్లలకి కట్టి వరసగా గుచ్చేవాడు. వెలుగు రాగానే గుడ్డ తీస్తాడు. లోపలిది కూత అందుకుంటుంది. బయట ఎక్కడో కంపల్లోంచి జవాబు వస్తుంది. కూత కూతకీ దగ్గరవుతుంది. చివరికి మెడ నిక్కించి, రెక్కలు జార్చుకుని, బుట్ట మీదికే ఉరికి వచ్చి ఉచ్చులో పడేది. ఈ పద్ధతిలో పడేవి చాలావరకు మగవే. ఎప్పుడన్నా ఆడది పడితే ఉచ్చు సడలించి వదిలేసేవాడు. "ఇది పోతే వచ్చేయేడు నేనేం తినాల?" అనేవాడు మా దగ్గరికి వచ్చే తాత.

గువ్వలకి ఆయన నీళ్ళ దగ్గర వల వేసేవాడు. "అబ్బాయిగారా, గింజ దగ్గరయితే పిట్ట పదిచోట్ల ఉంటది. ఎండాకాలం నీళ్ళ దగ్గరయితే ఒక్కచోటికే వస్తది" అని నాకు చెప్పాడు. ఎండు గింజలు తినే పిట్ట కాబట్టి గువ్వకి రోజూ నీళ్ళు కావాలి. అది తాగే తీరు కూడా ఆయనే చూపించాడు. కోడి ముక్కు ముంచి, తల ఎత్తి మింగుతుంది. గువ్వ అట్టా కాదు, ముక్కు నీళ్ళలో పెట్టి పశువు పీల్చినట్టు ఒక్క గుక్కన పీల్చేస్తుంది. ఆ క్షణంలో దాని ధ్యాసంతా నీళ్ళ మీదే ఉంటుంది. కుంట గట్టు మీద నేలకి కరిచి వల పరిచి, పైన మట్టి చల్లి, మధ్యన దీమపు గువ్వని ఒక వంగే పుల్ల మీద కూర్చోబెట్టి కట్టేవాడు. పుల్లకి కట్టిన దారం ఆయన చేతిలో. తుమ్మచెట్టు కింద కొమ్మలు కప్పుకుని కూర్చుని, పైన గువ్వలు పోతుంటే దారం లాగి వదిలితే, దీమం రెక్కలు కొట్టుకుని అప్పుడే వాలినట్టు కనపడుతుంది. పైవి ఒక చుట్టు తిరుగుతాయి, రెండో చుట్టుకి దిగుతాయి. అప్పుడు వల తాడు ఒక్క గుంజు గుంజేవాడు. ఆ తర్వాత అదే కుంట మీద మర్నాడు వల వేసేవాడు కాదు. పిట్ట బెదిరితే కుంట మారుస్తుందని ఒకటి, కుంటని నమ్ముకున్న పిట్టని మొత్తం దోచకూడదని రెండు.

గుడి పావురాల కోసం మోటబావికి వల కప్పేవాళ్ళు. రాతికట్టు సందుల్లో పావురాలు గూళ్ళు పెట్టేవి కదా, పొద్దు గూకాక బావి నోటికి అడ్డంగా వల పరిచి, లోపలికి రాయి విసిరితే ఒక్కసారిగా పైకి లేచి వలకి కొట్టుకునేవి. బావి యజమానిని అడక్కుండా ఎవడూ ఆ పని చేసేవాడు కాదు. మా నాయన మాత్రం మా బావి మీద ఒప్పుకునేవాడు కాదు. బావిలో పావురాలుంటే ఇంటికి కళ అనేవాడు.

ఈ వేటలో దయలేని పనులు లేవని నేననను. కొన్నిచోట్ల దీమపు కొంగకి కనురెప్పలు కుట్టేసేవాళ్ళు, బెదరకుండా ఉండాలని. ఆ పని చూడలేక నేను లేచి వచ్చేశాను. మాచర్ల వైపు నుంచి జీపుల్లో వచ్చి, జంటగొట్టాల తుపాకులతో, రాత్రి లైటు కొట్టి కనపడినదల్లా కాల్చిన పెద్దమనుషుల్నీ చూశాను. వాళ్ళు తినగలిగినంత తిని, మిగిలింది కుక్కలకి వేసి పోయేవాళ్ళు. ఆ వేట మీద నాకు ఏ గౌరవమూ లేదు.

ఇప్పుడు చట్టం మాట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో చిన్న వేటకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు అందులో ఉండేది. 1991 సవరణతో ఆ దారీ మూసేశారు. మా పక్కనున్న నల్లమల 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వెళ్ళింది. 2022 సవరణలో మామూలు నేరాలకి జరిమానా 25 వేల నుంచి లక్ష రూపాయలకి పెంచారు. చట్టం తప్పని నేను ఏనాడూ అనలేదు. జీపు పెద్దమనుషుల చేతిలో తుపాకి దించాలంటే అది కావలసిందే. నా బాధ వేరే. వల పట్టుకున్న చెయ్యి చట్టానికి కనపడుతుంది. చెంబుతో పురుగుమందు కొలిచి డ్రమ్ములో పోసే చెయ్యి కనపడదు. రెండు కౌజులు సంచిలో ఉన్నందుకు ఆ దీమం తాత మనవణ్ణి పట్టుకుపోయారు. అదే నెలలో ఒక మిరపచేలో, మందు కొట్టిన మర్నాడు, బోదెలో నిలిచిన నీళ్ళ పక్కన నేను చచ్చిన కౌజుల్ని చూశాను. నోరు తెరుచుకుని, కాలివేళ్ళు ముడుచుకుపోయి, రెక్కలు నేలకి కరుచుకుని పడున్నాయి. తల్లి పక్కనే పిల్లలు. దానికి కేసు లేదు, అడిగినవాడూ లేడు.

జొన్న పోయి పత్తి వచ్చిన రోజునే గువ్వకి కూడు పోయింది. పత్తిచేలో పిట్ట తినే గింజ ఎక్కడుంది? 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాలన్నీ పత్తి వెంట పడ్డాయి. తెల్లదోమ వచ్చింది, పచ్చపురుగు వచ్చింది, కొత్త కొత్త మందులు వచ్చాయి, మందుల అప్పులు వచ్చాయి. 1987-88లో పత్తిరైతులు అదే మందు తాగి చచ్చిపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరు మరిచిపోతారు? మనిషినే చంపిన మందు పిట్టని వదులుతుందా? 2002లో బీటీ పత్తి వచ్చింది, ఇంక మందులతో పని లేదన్నారు. కొన్నాళ్ళు శనగపచ్చపురుగు తగ్గినమాట నిజమే. తర్వాత రసం పీల్చే పురుగులు, వాటి వెనక గులాబీ పురుగు. డబ్బాలు మళ్ళీ గట్టెక్కాయి.

మా వాళ్ళు ముద్దుగా 'మోనో' అనే మోనోక్రోటోఫాస్ సంగతి వినండి. 1995-96లో అర్జెంటీనాలో మిడతల కోసం ఆ మందు కొడితే, ఉత్తర అమెరికా నుంచి చలికాలానికి అక్కడికి వలస వెళ్ళిన గద్దలు వేల సంఖ్యలో చేలల్లోనే రాలిపోయాయి. పిట్టలకి అది ఎంత విషమో ప్రపంచమంతా అప్పుడు చూసింది. మన దేశంలో 2005లో కూరగాయల మీద వాడొద్దన్నారు. పత్తి మీద అయితే ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కొట్టాం. కౌజు తల్లి గింజలు తిని బతకగలదు గాని, దాని పిల్లలు మొదటి రోజుల్లో పురుగుల మీదే బతకాలి. పురుగుని చంపిన చేలో పిల్ల దేన్ని తిని పెరుగుతుంది? దానికి తోడు గట్ల మీద గడ్డిమందు. గడ్డిగింజ కూడా లేకుండా చేశాం. విత్తనానికి రంగుమందు పట్టించి వేస్తున్నాం, పైన మిగిలిన గింజ తిన్న గువ్వ ఎంత దూరం ఎగురుతుంది?

బావుల సంగతీ అంతే. బోర్లు వచ్చాయి, మోటబావులు ఎండాయి, చెత్త పోసి పూడ్చేశారు. గుడి పావురం పట్నం పోయింది. నరసరావుపేటలో, గుంటూరులో అపార్టుమెంటు బాల్కనీలన్నిటికీ నైలాను వలలు బిగిస్తున్నారు, పావురాలు రాకుండా. ఒకప్పుడు పావురాన్ని పట్టడానికి వల వేస్తే, ఇప్పుడు పావురం నుంచి తప్పించుకోవడానికి మనుషులే వల వెనక కూర్చుంటున్నారు. 2023లో వచ్చిన భారతదేశపు పక్షుల స్థితి నివేదిక కూడా ఊరపావురాలు బాగా పెరిగాయనే చెప్పింది. అదే నివేదికలో, దీర్ఘకాలపు లెక్కలు దొరికిన 338 జాతుల్లో 204 జాతులు తగ్గాయని ఉంది. బయలు భూముల మీద బతికే పిట్టలకి పెద్ద దెబ్బ తగిలిందని ఉంది. మా చేలు బయలు భూములే.

వేట సాగుతున్నా మందలు మిగిలిన చోటూ ఉంది. ఇంగ్లండులో గువ్వల వేట చేసే వీడియో మా మనవడు ఫోనులో చూపించాడు. అక్కడి అడవి పావురం మన గుడి పావురం కంటే పెద్దది, మెడ పక్కన తెల్లమచ్చ, రెక్కకి తెల్లపట్టీ. ఆవజాతి నూనెగింజల చేల మీదా, కోతలైన గోధుమ చేల మీదా మందలుగా పడుతుంది. రైతే వేటగాణ్ణి పిలుస్తాడు. అతను కంచె పక్కన వల తెర కట్టుకుని దాక్కుంటాడు. ప్లాస్టిక్ పావురాల్ని గాలికి ఎదురుగా, మధ్యన ఖాళీ వదిలి పేరుస్తాడు, వచ్చే పిట్ట ఆ ఖాళీలోనే దిగుతుంది. రెండు బొమ్మపావురాల్ని తిప్పే మోటారు కూడా ఉంది. ఆ దీమం తాత చేతిలోని దారానికి బదులు అక్కడ బ్యాటరీ. పిట్ట బుద్ధి అక్కడా ఇక్కడా ఒక్కటే, సాటిది దిగిన చోట దిగుతుంది. అక్కడ ఆ పావురాలు లక్షల్లో ఉన్నాయి కాబట్టి పంట కాపాడుకోవడానికి ప్రభుత్వమే కాల్చుకోనిస్తుంది. మన చేలల్లో ఇప్పుడు ఆ పని చెయ్యాలన్నా కాల్చడానికి మంద ఏది?

నాతో వాదించిన కుర్రాడు అమెరికా మాట ఎత్తాడు. అక్కడ ఆకాశాన్ని కప్పేసే సంచార పావురాలు కోట్లకి కోట్లు ఉండేవి, వేటగాళ్ళే అంతం చేశారు కదా అన్నాడు. నిజమే. చిట్టచివరి పావురం మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో చచ్చిపోయింది. అక్కడా దీమపు పావురంతోనే వలల్లోకి దింపారు. కానీ అక్కడి వేటగాడి వెనక టెలిగ్రాఫు ఉంది, పావురాలు ఎక్కడ గూళ్ళు పెట్టాయో ఆ పూటే కబురు అందేది. రైలు ఉంది, పీపాల్లో కుక్కి పట్నాలకి పంపేవాళ్ళు. పైగా అవి గూళ్ళు పెట్టే అడవుల్ని కూడా నరికేశారు. ఆ దీమం తాత వెనక ఉన్నది ఒక వెదురుబుట్ట. పట్టినవాటిలో సగం ఇంట్లో తినేవాళ్ళు, సగం కల్లుపాక దగ్గర శేరు జొన్నలకి మార్చుకునేవాళ్ళు. పిట్ట ఉంటేనే తన పొట్ట నిండుతుందని తెలిసినవాడికీ, పిట్ట ఉందో లేదో కూడా పట్టనివాడికీ ఒకే శిక్ష రాస్తానంటే నేను ఒప్పుకోను.

ఇంకో వింత చెప్పాలి. ఈ గువ్వల్ని మేపిన కొర్రలు, సజ్జలు, జొన్నలు ఇప్పుడు పట్నంలో షుగరు ఉన్నవాళ్ళకి మందు అయ్యాయి. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ఐక్యరాజ్యసమితే ప్రకటించింది. అద్దాల షాపుల్లో కిలో పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. మా చేలో ఆ గింజ లేదు, మా ఇంట్లోనూ లేదు. పండిద్దామంటే కాపలాకి మనుషులు లేరంటారు. ఊళ్ళో ఒక్కడే జొన్న వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ వాడి మీదే పడతాయి, వాడు నష్టపోతాడు. ఊరంతా వేసినప్పుడు ఆ భారం ఊరంతా పంచుకునేది. పోనీ పిట్టలు తగ్గాయి కదా అని నెమ్మదిగా ఉందామా అంటే అడవిపందులొచ్చాయి. వాటికోసం కొందరు రాత్రిపూట చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకి పందితో పాటు మనుషులూ చస్తున్నారు. వడిసెల పట్టిన పల్నాటి చెయ్యి కరెంటు తీగ దాకా వచ్చిందంటే నాకు సిగ్గుగా ఉంది.

కౌజుల్ని పట్టే రోజులు మళ్ళీ రావాలని నేను అడగట్లేదు. ఆ తాత పోయాడు, ఆ విద్యా పోయింది, పట్టడం నేరమని చట్టమూ ఉంది. కౌజు కూత వినపడాలని మాత్రం అడుగుతున్నాను. పత్తి చుట్టూ, మిరప చుట్టూ మూడు నాలుగు సాళ్ళు జొన్న గాని మొక్కజొన్న గాని వేస్తే తెల్లదోమ, తామరపురుగు బయటినుంచి రాకుండా అడ్డుకుంటాయని వ్యవసాయ అధికారులే చెబుతున్నారు. చేలో అక్కడక్కడ పంగకర్రలు పాతి పక్షిస్థావరాలు పెట్టమని కూడా వాళ్ళే చెబుతున్నారు. ఆ పిట్టలు పచ్చపురుగుని ఏరుకు తింటాయి. ఇవి ఖర్చు లేని పనులు. మా వెల్దుర్తి రైతుల్ని, దుర్గి, మాచర్ల, బొల్లాపల్లి వైపు రైతుల్ని చేతులెత్తి అడుగుతున్నాను. ఈ ఖరీఫుకి చేను చుట్టూ ఆ జొన్న సాళ్ళు వెయ్యండి, వాటి మీద మందు కొట్టకండి. మందు పట్టించిన విత్తనం ఒక్క గింజ కూడా పైన మిగలకుండా మట్టి కప్పండి. డబ్బాలు కడిగిన నీళ్ళు కుంటల్లో పొయ్యకండి. పాత మోటబావి ఇంకా మీ పొలంలో మిగిలి ఉంటే దాన్ని పూడ్చకండి.